వెనక్కి నడిచిన వాచ్‌మన్

లతీఫ్ చనిపోయి ఏడు రోజులు. అయినా ఏజెంట్ కాటమయ్య ముందు రోజుకు ఇరవై ముప్పై సార్లు నడుస్తూనే ఉన్నాడు. అది కూడా మామూలు నడక కాదు. వెనక్కి.

నాలుగంగుళాల తెర. నలుపు తెలుపు బొమ్మ. షాద్‌నగర్ పక్కన ఒక రక్షణ పరికరాల కేంద్రంలో, డ్రాయింగుల స్టోర్ తలుపు మీద బిగించిన సెక్యూరిటీ కెమెరా తీసిన వీడియో అది. తలుపు తెరుచుకుంటుంది. నల్ల రెయిన్‌కోటు తొడుక్కుని, దాని టోపీ తలమీదికి లాక్కున్న మనిషి ఒకడు కెమెరాకు వీపు పెట్టి నిలబడతాడు. అతనికి ఎదురుగా వాచ్‌మన్ లతీఫ్. యాభై అయిదేళ్లు, ఖాకీ చొక్కా, తెల్ల గడ్డం. లతీఫ్ తల వంచుతాడు. ఒక అడుగు వెనక్కి వేస్తాడు. ఇంకో అడుగు. మరో అడుగు. వరండా చివర ఫ్రేమ్ దాటి మాయమవుతాడు. తర్వాత తెరంతా చుక్కలే. ఎవరో వైరు పీకేశారు.

గంట తర్వాత వరండా వెనక సంపులో లతీఫ్ శవం దొరికింది. స్టోర్‌లో ఉండాల్సిన రాడార్ డ్రాయింగులు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. అంటే ఎవరో ఫొటోలు తీసుకుపోయారన్నమాట. డ్రాయింగులు పోవడం కంటే అదే ఎక్కువ ప్రమాదం.

ఆ రికార్డర్ గురించి ఒక మాట చెప్పాలి. ఒక్క క్యాసెట్‌లో రోజంతా పట్టాలని అది రెండు సెకన్లకో బొమ్మ మాత్రమే తీస్తుంది. అందుకే అందులో మనుషులు నడవరు, గెంతుతారు. గంటలు నిమిషాలు కనిపించాల్సిన చోట నాలుగు సున్నాలు ఉంటాయి. గడియారం బిగించే సంగతి టెండర్ రాసినవాళ్లు మర్చిపోయారు. దాంతో టెక్నికల్ వింగ్ నిపుణులు మూడు రోజులు తల బద్దలు కొట్టుకుని ఒక నిర్ణయానికొచ్చారు. బతికున్న మనిషెవడూ అలా వెనక్కి నడవడు, కాబట్టి ఆ ముక్కను ఎవరో తిరగేసి ఎక్కించారు. రికార్డర్ గది తాళం లతీఫ్ దగ్గరే ఉండేది కాబట్టి లతీఫ్ ఆ దొంగల ముఠా మనిషే. పని అయిపోయాక వాళ్లే అతన్ని చంపేశారు. ఇవన్నీ రాసిన నోట్ కింద సంతకం కాటమయ్యది. "వాచ్‌మన్ దేశద్రోహంలో భాగస్వామి" అన్న వాక్యం కూడా అతను రాసిందే.

రాసిన రాత్రి నుంచి కాటమయ్యకు నిద్ర లేదు. కళ్లు మూస్తే లతీఫ్ తల వంచుతాడు, ఒక అడుగు వెనక్కి వేస్తాడు. కళ్లు తెరిస్తే ఆఫీసు వరండాలో ఎదురొచ్చే ప్యూన్లు కూడా వెనక్కి పోతున్నట్టే కనిపిస్తున్నారు.

*

1993. ఆషాఢం. హైదరాబాద్‌లో బోర్డు లేని ఒక ఆఫీసు. పొద్దున తొమ్మిది గంటలు.

"పాలపిట్ట కబురు పంపింది," అన్నాడు చీఫ్ అహ్మద్ అలీ.

పాలపిట్ట అంటే మంజులత. డబుల్ ఏజెంట్. రెండేళ్లుగా ఇలాంటి రహస్యాలు కొనే విదేశీ ముఠాలో తిరుగుతోంది. ముఠా లెక్కలో వాళ్ల మనిషి, డిపార్ట్‌మెంట్ లెక్కలో మన మనిషి. ఆమె లెక్కలో ఎవరి మనిషో ఆమెకే తెలియాలి.

"ఏమంది సార్?"

"ఈ రోజు సాయంత్రం అయిదు గంటలు. నకిరేకల్ చుట్టుపక్కల. జనం మధ్య మైక్రోఫిల్మ్ చేతులు మారుతుంది. ఇచ్చేవాడెవడో ఆమెకు కూడా తెలియదు. రేపు పొద్దునకల్లా సరుకు దేశం దాటుతుంది. ఆ రెయిన్‌కోటువాడెవడో నాకు అయిదులోపల కావాలి."

"ఆ కేంద్రంలో ముప్పై ఒక్కమందికి వీడియో చూపించాను సార్. ఎవరూ గుర్తుపట్టలేదు."

"లతీఫ్ భార్యకు?"

కాటమయ్య చేతిలోని ఫైలు ముడి మళ్లీ బిగించాడు.

"గులాబ్‌బీకి చూపించావా?"

"నిందితుడి కుటుంబానికి సాక్ష్యం చూపించకూడదని రూలు ఉంది సార్."

"ఆ రూలు నీకు గుర్తుందా, లేక దాని వెనక దాక్కున్నావా?"

అహ్మద్ అలీ నెమ్మదిగా మాట్లాడే మనిషి. నెమ్మదిగా మాట్లాడితేనే ఎక్కువ తగులుతుంది. మొన్న టెక్నికల్ వింగ్ నిపుణుడొకడు ఇదే గదిలో, "పేరే లతీఫ్ అంటున్నారు కదా సార్, ఇంకా అనుమానమెందుకు?" అన్నాడు. చీఫ్ అతని వంక ఒక నిమిషం చూసి, "అవును, పేర్లతో పెద్ద చిక్కే," అని ఊరుకున్నాడు. నిపుణుడికి ఎదురుగా కూర్చున్నది అహ్మద్ అలీ అని గుర్తొచ్చేసరికి చాయ్ చల్లారిపోయింది.

"లతీఫ్ ఊరు ఎర్రబండ. నకిరేకల్ దాటాక ఎనిమిది కిలోమీటర్లు. ఈ రోజు అక్కడ పీర్ల పండుగ పదో రోజు. ఊరేగింపు ఉంటుంది. జాగ్రత్తగా ఉండు," అన్నాడు చీఫ్.

కాటమయ్య గ్యాడ్జెట్ భుజానికి తగిలించుకున్నాడు. అరచేతుల్లో పట్టే వీడియో ప్లేయర్ అది. మూత తీస్తే తెర, కింద బుల్లి క్యాసెట్. బేగంపేట ఎయిర్‌పోర్టులో కస్టమ్స్‌వాళ్లు ఎవరి సూట్‌కేసులోనో పట్టుకుంటే డిపార్ట్‌మెంట్‌కు దక్కింది. ఫుల్ ఛార్జి మీద గంట సేపు ఆడుతుంది. రెండో బ్యాటరీ కావాలని పెట్టిన అర్జీ ఆర్నెల్లుగా ఢిల్లీలో ఉంది. వేషం సంగతి తేలిక. మారుతీ వ్యాను అద్దం మీద "శుభకార్యములకు వీడియో తీయబడును" అని రాయించారు.

*

నకిరేకల్‌లో నిమ్మకాయల లారీలు దాటుకుని ఎర్రబండ చేరేసరికి పన్నెండున్నర. ఊరి నడుమ పీర్ల చావిడి దగ్గర డప్పులు మోగుతున్నాయి. గులాబ్‌బీ ఇల్లు ఊరి చివర. తలుపు తీసే ఉంది. గుమ్మం పక్కన ఒక పళ్లెం. దాంట్లో రొట్టెలు నలిపి బెల్లం కలిపిన మలీద, పైన గుడ్డ. ఈగలు ముసురుతున్నాయి.

"వీడియోలాయనవా? నా ఇంట్ల లగ్గం లేదు సారూ," అంది గులాబ్‌బీ.

"లగ్గానికి రాలేదమ్మా. లతీఫ్ గురించి వచ్చిన."

"పోలీసా?"

"అసోంటిదే."

ఆమె నవ్వలేదు, ఏడవలేదు. "జనాజా మోసెతందుకు నలుగురు గావాలె. మీ పోలీసులే ఇద్దరు పట్టిన్రు. ఇంకిద్దరు ఎవరో లారీ డ్రైవర్లు. ఊర్లెకెల్లి ఒక్క మనిషి రాలే. దేశానికి ద్రోహం జేసిండు అని పేపర్ల వచ్చిందట. ఇయ్యాల పొద్దుగాల పీర్లకు మలీద తీస్కపోతె, చావిడి సూసుకునే ముజావర్ రజాక్ మామ పళ్లెం వాపస్ పంపిండు. కండ్లల్ల నీళ్లు వెట్టుకొనే పంపిండు గని, పంపిండు."

కాటమయ్య తల దించుకుని ప్లేయర్ మూత తీశాడు. "అమ్మా, దీంట్ల లతీఫ్ ఉన్నడు. ఎదురుంగ ఒక మనిషి ఉన్నడు. గాయన ఎవరో జర సూసి చెప్పాలె."

ఆఫీసులో పద్దెనిమిదేళ్లుగా దాచుకున్న యాస, ఆమె ముందు దానంతటదే బయటికొచ్చింది. ఆమె తెర మీదికి వంగింది. లతీఫ్ తల వంచాడు. ఒక అడుగు వెనక్కి వేశాడు.

"అల్లా!" అని ఆమె తెరమీద వేలు పెట్టింది. "బతికే ఉన్నడు గద!"

"అమ్మా, ఆ రెయిన్‌కోటాయనను సూడు."

"మల్లొక్కసారి వెయ్యి."

వేశాడు. మళ్లీ అడిగింది. మళ్లీ వేశాడు. ప్రతిసారీ ఆమె చూపు లతీఫ్ దగ్గరే ఆగుతోంది. బ్యాటరీ గీతలు నాలుగు మూడయ్యాయి. అయిదోసారి వెనక్కి చుట్టడానికి కాటమయ్య బటన్ నొక్కి పట్టాడు. బొమ్మ తిరగబడి, ఫ్రేమ్ అంచు నుంచి లతీఫ్ ముందుకు నడుచుకుంటూ వచ్చాడు. తలుపు దగ్గరికి వచ్చి తలెత్తాడు.

"గిట్లనే ఉంచు సారూ," అంది గులాబ్‌బీ. "గిట్ల ముందుకొస్తుంటె మంచిగున్నడు. డ్యూటీ దిగి ఇంటికొచ్చినట్టే ఉన్నది."

ఆ బటన్‌ను కాటమయ్య వందలసార్లు నొక్కాడు. అందులో ఇంటికొచ్చే మనిషి ఉన్నాడని ఎప్పుడూ అనిపించలేదు. అయినా టైమ్ ఒకటిన్నర అయింది. "అమ్మా, నీ కాళ్లు మొక్కుత. రెండో మనిషిని సూడు."

"నేనెందుకు సూస్త? నా మనిషి ఉండంగ ఇంకొగల్ని ఎందుకు సూస్త?" అంటూనే ఆమె ఆగిపోయింది. "ఆగు. ఈయన ఎటు సూస్తున్నడు?"

"కిందికి."

"కిందికి గాదు. కాళ్ల దిక్కు. గాయన కాళ్లకు చెప్పుల్లేవు."

కాటమయ్య బొమ్మ ఆపాడు. రెయిన్‌కోటు అంచు కింద రెండు తెల్లటి మచ్చలు. టెక్నికల్ రిపోర్టులో "లేత రంగు బూట్లు" అని రాశారు. ఇప్పుడు చూస్తే అవి మడమలు.

"గంత వానల, గంత పెద్ద ఆఫీసుకు, రెయిన్‌కోటు తొడుక్కొని ఒట్టి కాళ్లతోని ఎవలొస్తరు?" ఆమె మాట సన్నబడింది. "ఇది ఉల్టా తిప్పింది గాదు సారూ. మా ఆయనే వెనుకకు నడిచిండు. గాయనకు వీపు సూపెట్టలే."

"అంటే?"

"మా ఊర్లె పీరు ఎత్తుకునేటాయన పది దినాలు చెప్పులు తొడగడు. మేము గాయనకు వీపు సూపెట్టం. ఎదురైతె వంగి, గట్లనే వెనుకకు జరిగి తొవ్వ ఇడుస్తం. పదో దినం పీరు దించినంక మల్ల మామూలే."

వారం రోజులు. ముగ్గురు నిపుణులు. పదహారు పేజీల రిపోర్టు. ఊళ్లో ఎవరినడిగినా ఒక్క మాటలో చెప్పేవారు. అడగడానికి ఎవరికీ నోరు రాలేదు. కాటమయ్యకు సిగ్గేసింది.

"ఆయన పేరేందమ్మా?"

ఆమె గుమ్మం పక్కనున్న పళ్లెం వైపు చూసింది. "మా ఆయనను దొంగ అని రాసినోడు ఎవడు? ముందుగాల గది చెప్పు."

"డిపార్ట్‌మెంట్" అనే మాట నాలుక చివరే ఉంది. అలాంటి మాటలు గూఢచారికి గొడుగులాంటివి. ఎంత వానలోనైనా తడవకుండా పోవచ్చు.

"నేనే రాసినమ్మా."

గులాబ్‌బీ అతని మొహంలోకి చూసింది. తర్వాత చెప్పింది. "రఘుపతి సారు."

రఘుపతిది ఎర్రబండలో మోతుబరి రైతు కుటుంబం. మూడు తరాలుగా ఊరి పీరును ఎత్తుకునేది ఆ ఇంటి మగవాళ్లే. పైగా ఆయన షాద్‌నగర్ కేంద్రంలో డ్రాయింగుల సెక్షన్ ఇన్‌చార్జి. లతీఫ్‌కు వాచ్‌మన్ ఉద్యోగం పెట్టించింది కూడా ఆయనే. పండుగ మొదటి రోజు నుంచి సెలవులో ఉన్నాడు కాబట్టి అనుమానితుల జాబితాలో ఆయన పేరే లేదు. దీక్షలో ఉన్నాడని ఊరంతా సాక్ష్యం.

"దీక్షల ఎక్కడుంటడు?"

"చావిడి లోపటి అర్రల. పొద్దుగాల పోతె పొద్దుమూకినంకనే బయటికొస్తడు. నడుమ ఎవ్వలు తలుపు కొట్టద్దు."

"వెనక తలుపు ఉన్నదా?"

"ఉన్నది. బావి దిక్కు."

మోటార్‌సైకిల్ మీద షాద్‌నగర్ పోయి వచ్చేందుకు ఆయనకు పగలంతా ఉంది. కాటమయ్యకు లెక్క కుదిరింది. చివరి బొమ్మ మరోసారి చూశాడు. లతీఫ్ ఫ్రేమ్ అంచున ఉన్నాడు. రెయిన్‌కోటు అంచు కొంచెం లేచింది. "గాలి" అని రాసుకున్నారు నిపుణులు. గాలి కాదు. ఆ మనిషి కాలు ముందుకు పడుతోంది.

"ఈయన వెనుకకు పోతుంటె గాయన ముందుకొచ్చిండు," అంది గులాబ్‌బీ. "ఈయన ఇంకింత వెనుకకు జరిగిండు. ఎనుక ఏముండె సారూ?"

అబద్ధం చెప్పే అవకాశం మళ్లీ వచ్చింది. కాటమయ్య తీసుకోలేదు. "సంపు. మూత తీసి ఉండె."

ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది. చప్పుడు రాలేదు. డప్పులు మాత్రం వినిపిస్తున్నాయి.

*

నాలుగుంబావు. ఊరేగింపు బయలుదేరింది. కర్రకు బిగించిన వెండి రేకు పీరు, దాని చుట్టూ రంగురంగుల దట్టీలు. దట్టీ అంటే భక్తులు మొక్కుకుని పీరుకు కట్టే గుడ్డ. పీరును గుండెలకు ఆనించుకుని రఘుపతి ఊగుతున్నాడు. నలభై ఏళ్లుంటాయి. ఒట్టి కాళ్లు. హిందువులు, ముస్లింలు అన్న తేడా లేకుండా జనం వంగి, వెనక్కి అడుగులేస్తూ దారి ఇస్తున్నారు. ఊరు ఊరంతా లతీఫ్‌లాగే నడుస్తోంది.

జనం అంచున నల్ల కళ్లద్దాలు, కలంకారీ చీర, భుజాన కెమెరా సంచీ. జానపద కళల మీద డాక్యుమెంటరీ తీసే విదేశీ సంస్థ తరఫున వచ్చిన మేడమ్ అని ఊళ్లో చెప్పుకుంటున్నారు. పక్కన మైకు పట్టుకుని ఒక సౌండ్ రికార్డిస్టు, రోడ్డు మీద కారు.

కాటమయ్య పక్కకు చేరాడు. "మేడమ్, ఈ వెలుతురు చాలుతుందా?"

"మబ్బు పట్టకపోతే చాలు," అంది మంజులత. కోడ్ కుదిరింది. సౌండ్ రికార్డిస్టు అటు తిరగ్గానే పెదాలు కదిలీ కదలకుండా మాట్లాడింది. "సరుకు దట్టీలో కుట్టి ఉంది. మొత్తం నలభై దట్టీలు. అయిదింటికి బావి దగ్గర విప్పి జనంలోకి విసురుతారు. నా పక్కనున్నవాడు పట్టుకుంటాడు. ఏ రంగుదో నాకు చెప్పలేదు. వీళ్లకు నామీద అనుమానం వచ్చింది. నీకు మనిషి దొరికాడా?"

"పీరు ఎత్తుకున్నవాడే."

నల్లద్దాల వెనక ఆమె కళ్లు ఎలా ఉన్నాయో తెలియలేదు. "అయితే చచ్చాం," అంది.

వ్యాన్‌లో వైర్‌లెస్ మీద చీఫ్ గొంతు కూడా అదే మాట వేరే తీరులో చెప్పింది. "పీరు చేతిలో ఉండగా అతన్ని ముట్టుకోవద్దు. ఊరు అంటుకుంటుంది. ఊరుతో ఆగదు. సరుకు పోయినా సరే. అర్థమైందా?"

"ఇంకో దారి ఉంది సార్. దారి నాది కాదు."

ఆ దారి గులాబ్‌బీది. ఇల్లు దాటేముందు చెప్పింది. ఎర్రబండలో పీరుకు ఎదురుగా నిలబడి ఎవరైనా కావాలని వీపు తిప్పితే అది ఫిర్యాదు కింద లెక్క. పీరు మీద కాదు, ఎత్తుకున్న మనిషి మీద. ఆ ఫిర్యాదు తీరేదాకా అతను పీరును ముజావర్ చేతికి ఇచ్చెయ్యాలి. ముప్పై ఏళ్ల కిందట ఒక్కసారి అయిందట. ఆ ఫిర్యాదు తప్పని తేలి, ఆ కుటుంబాన్ని ఊరి నుంచి వెళ్లగొట్టారు.

"తప్పయితే నిన్ను గూడ ఉంచరమ్మా," అన్నాడు కాటమయ్య.

"ఇప్పుడేమన్న ఉంచుకున్నరా?" అంది ఆమె.

నాలుగూ నలభై. బావి వంద గజాలు. ఆడవాళ్లు బిందెలతో ఎదురొచ్చి పీరెత్తుకున్న మనిషి కాళ్ల మీద నీళ్లు పోస్తున్నారు. వాళ్లలో నుంచి గులాబ్‌బీ వచ్చింది. రఘుపతి ఆమెను చూశాడు. ఊగడం కొంచెం తగ్గింది. ఆమె నీళ్లు పోసింది, ఒట్టి మడమలు కడిగింది, లేచింది. లేచి వెనక్కి అడుగు వెయ్యలేదు. గిర్రున తిరిగి వీపు పెట్టి నిలబడింది.

ఒక డప్పు ఆగింది. తర్వాత అన్నీ ఆగాయి.

"గులాబ్‌బీ! పిచ్చి లేసిందా? జరుగు!" అని వెనక నుంచి ఇక్బాల్ బీ అనే ముసలామె కేక పెట్టింది.

"ఫిర్యాదు," అంది గులాబ్‌బీ. మనిషి కదల్లేదు. "నా పెనిమిటి గాయనకు వీపు సూపెట్టలే. వెనుకకు జరిగిండు. జరిగినకొద్దీ గాయన ముందుకొచ్చి సంపుల పడేసిండు. గిదే నా ఫిర్యాదు."

ముజావర్ రజాక్ ముందుకొచ్చాడు. డెబ్భై దాటిన మనిషి. "సాక్షి ఎవలు బిడ్డా?"

"లతీఫే."

జనంలో గుసగుసలు లేచాయి. రఘుపతి మొహం బిగిసింది. "రజాక్ మామా, భర్త పోయిన బాధల ఏదో మాట్లాడుతాంది. బావి కాడికి టైమైతాంది. నడువుండ్రి."

కాటమయ్య ప్లేయర్ మూత తీసి రజాక్ చేతుల్లో పెట్టాడు. బ్యాటరీ ఒకే గీత మిగిలి ఉంది. రజాక్ తెరను కళ్లకు దగ్గరగా పెట్టుకున్నాడు. చుట్టూ పది తలలు వంగాయి. చచ్చిపోయిన లతీఫ్ అరచేతిలో తల వంచాడు. ఒక అడుగు వెనక్కి వేశాడు. చూస్తున్న జనంలో ఒకరిద్దరు తెలియకుండానే తామూ వెనక్కి జరిగారు. ప్లేయర్ చేయి మారింది. ఇంకో చేతికి, ఇంకో చేతికి వెళ్లింది. ఎవరో ఏడుస్తున్నారు. ఆఫీసులో ఎవరూ ఏడవని వీడియో అది.

"మొకమే లేదు గద దాంట్ల! ఏం సాక్ష్యం?" అన్నాడు రఘుపతి, మెడ చాచి తెర చూసి.

"మొకమెందుకు?" అన్నాడు రజాక్. "లతీఫ్ వెనుకకు నడిచిండు. పీర్ల పండుగల లతీఫ్ ఎవలకు వెనుకకు నడుస్తడు? ఈ ఊర్ల పీరు ఎత్తేది నువ్వొక్కనివే గదా రఘుపతీ."

ప్లేయర్ తెర ఆరిపోయింది. బ్యాటరీ అయిపోయింది. కానీ చూడాల్సినవాళ్లు చూసేశారు. రజాక్ రెండు చేతులూ చాచాడు. "తే. పీరు ఇటు తే."

నాలుగూ యాభై ఎనిమిది. రఘుపతి చుట్టూ చూశాడు. ఎదురుగా ఊరంతా ఉంది. ఎవరూ వంగి లేరు. పీరును రజాక్ చేతుల్లో పెట్టాడు. పెడుతూనే పచ్చ దట్టీ ఒకటి పట్టుకుని సర్రున లాగేశాడు. ఉండ చుట్టి జనం తలల మీదుగా విసిరాడు.

సౌండ్ రికార్డిస్టు మైకు పారేసి ఎగిరాడు. అతని వేళ్లకు జానెడు దూరంలో మంజులత చెయ్యి దట్టీని అందుకుంది. ఒక్క క్షణం ఆమె కారు వైపు చూసింది. కాటమయ్య వైపు చూసింది. రెండేళ్లుగా డిపార్ట్‌మెంట్ వేసుకున్న ప్రశ్నకు ఆ క్షణంలోనే జవాబు తేలాలి. ఆమె కెమెరా సంచీలోంచి బుల్లి పిస్తోలు తీసి సౌండ్ రికార్డిస్టు డొక్కకు ఆనించింది.

"ఇంక చాల్లే. ప్యాకప్," అంది.

కాటమయ్య రెండంగల్లో రఘుపతిని చేరాడు. పీరు చేతిలో లేని రఘుపతి ఉత్త మనిషి. ఒక్కరూ అడ్డం రాలేదు. దట్టీ అంచు విప్పితే అగ్గిపుల్లంత రేకు గొట్టాలు రెండు బయటపడ్డాయి.

వ్యాన్‌లో బేడీలతో కూర్చున్న రఘుపతిని కాటమయ్య ఒకే ప్రశ్న అడిగాడు. "ఆ రోజు బూట్లు వేసుకుని వస్తే దొరికేవాడివి కాదు కదా?"

"పది దినాల మొక్కు సార్," అన్నాడు రఘుపతి, ఆ మాత్రం తెలియదా అన్నట్టు ఆశ్చర్యపోతూ. "ఎట్ల తొడుగుత?"

దేశాన్ని అమ్మడానికి ఏ మొక్కూ అడ్డం రాలేదు. చెప్పులకు మాత్రం వచ్చింది.

*

కొత్త నోట్ రాయడానికి కాటమయ్యకు అయిదు నిమిషాలు పట్టింది. పాత నోట్ కొట్టేయించడానికి నెల పట్టింది. ప్రశంసాపత్రం టెక్నికల్ వింగ్‌కు వచ్చింది, వీడియోను సరిగ్గా విశ్లేషించినందుకు.

లతీఫ్ పోయిన నలభయ్యో రోజు కాటమయ్య ఎర్రబండ వెళ్లాడు. ఈసారి సీలు వేసిన ఉత్తరంతో వెళ్లాడు. లతీఫ్ నిర్దోషి అని, విధుల్లో ప్రాణం పోగొట్టుకున్నాడని అందులో ఉంది. గులాబ్‌బీ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"నాకు సదువురాదు సారూ. ఇంట్ల పెట్టుకొని ఏం జేసుకోను? ఊరు ముందట సదువు."

ఆ రోజు ఫాతెహా ప్రార్థనకు ఊరంతా వచ్చింది. జనాజాకు రానివాళ్లందరూ వచ్చారు. ఆమె ఇంటి ముందు చోటు చాలక బాట మీద నిలబడ్డారు. కాటమయ్య చదివాడు. చదవడం అయిపోయాక ఆమె అడిగింది. "మరి దొంగ అని రాసింది ఎవలో దాంట్ల లేదేంది?"

ఉత్తరంలో లేదు. అలాంటివి ఉత్తరాల్లో ఉండవు. కాటమయ్య కాగితం మడిచాడు. పద్దెనిమిదేళ్ల సర్వీసులో తన సొంత పేరు బయట చెప్పింది లేదు. ఇప్పుడు చెప్పాడు. పేరు, ఉద్యోగం, ఆఫీసు, అన్నీ చెప్పాడు. "లతీఫ్‌ను ద్రోహి అని రాసింది నేనే. ఆయనను ఎరిగినోళ్లను ఒక్కల్ని గూడ అడగకుంట రాసిన. తప్పయింది," అన్నాడు.

రజాక్ వచ్చి గులాబ్‌బీ ముందు నిలబడి, "మాది గూడ తప్పే బిడ్డా. జనాజా ఇంకోసారి రాదు గద," అని ఏడ్చాడు.

"రాదు మామా," అంది గులాబ్‌బీ. లోపలికి వెళ్లి అందరికీ నీళ్లు తెచ్చింది.

మర్నాడు పొద్దున చీఫ్ ఫోన్ చేశాడు.

"కాటమయ్యా, ఎర్రబండలో మన ఏజెంట్ పేరు, ర్యాంకు, ఆఫీసు అడ్రసు తెలియనివాడు లేడట. ఇంత పెద్ద లీక్ డిపార్ట్‌మెంట్ చరిత్రలో లేదు. ఎవరి పని?"

"విచారణ జరుగుతోంది సార్," అన్నాడు కాటమయ్య. "ఇప్పటికైతే ఎవరిమీదా అనుమానం లేదు."